వర్ణశబ్దము - సమ్మానవిచారము
(కోనసీమ దళిత స్త్రీ, తెలుగు సాహిత్యము)

1

సంస్కృతమున వర్ణశబ్దము బహ్వర్థకము. అమరసింహుడు దానికి నాలుగర్థములు చెప్పినాడు. బ్రాహ్మణాది విభాగము మొదటిది, తెలుపు మున్నగు రంగులు రెండవది, స్తుతి మూడవది, అక్షరము నాలుగవది. తెలుగువారికి ఈ నాలుగును పరిచితములే. వర్ణవ్యవస్థ యన్నపుడు మొదటి యర్థమును, వర్ణచిత్రమన్నపుడు రెండవ దానిని, వర్ణమాల యన్నపుడు నాలుగవ దానిని మనము గ్రహింతుము. మూడవ యర్థము నేడు వర్ణన యను రూపమున కావ్యచర్చలో మిగిలియున్నది. ఒకే శబ్దమున జాతి, రంగు, పొగడ్త, వ్రాత ఇమిడియుండుట నిఘంటుకారుల చమత్కారము మాత్రమే కాదు. ఎవరికి పొగడ్త దక్కినది, ఎవరికి వ్రాత దక్కలేదు అను ప్రశ్నకు ఈ దేశమున జాతియే చిరకాలము సమాధానమై యుండెను.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో శ్వేతజాతికి చెందని స్త్రీలందరిని కలిపి చెప్పుటకు "రంగుగల స్త్రీలు" అను అర్థమిచ్చు పదబంధమొకటి కలదు. 1977లో హ్యూస్టన్ నగరమున జరిగిన జాతీయ మహిళా మహాసభ సందర్భమున అది ఉద్యమభాషలో స్థిరపడినది. నీగ్రో స్త్రీలు, మెక్సికో మూలములు గల స్త్రీలు, ఆసియా స్త్రీలు, ఆదివాసి స్త్రీలు తమ సమాజములకు చేసిన సేవను గుర్తించి గౌరవించు ప్రయత్నములు ఆ పేరుతో అచట జరుగుచున్నవి. ఈ పదబంధమును "వర్ణస్త్రీలు" అని తెనిగించినచో అర్థము తలక్రిందులగును. మన వాడుకలో వర్ణము గలది సవర్ణ. వ్యవస్థకు వెలుపల నుంచబడినది అవర్ణ. అచట వర్ణము కలుగుటయే అవమానమునకు హేతువైనది. ఇచట వర్ణము లేకుండుట అవమానహేతువైనది. శబ్దము వేరైనను అవమానితుల అనుభవము ఒకటే యని అనువాదకుడు ఇచట తెలిసికొనును.

అయితే ఈ సామ్యమునకు ఒక హద్దు కలదు. జోతిరావు ఫూలే 1873లో వెలువరించిన "గులాంగిరి" గ్రంథమును నీగ్రోల దాస్యమును తొలగించిన అమెరికా ప్రజలకు అంకితము చేసెను. అంబేద్కరు 1946లో నీగ్రో పండితుడగు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్‌నకు లేఖ వ్రాసి ఉభయ సమాజముల దుఃస్థితిలోని పోలికను ప్రస్తావించెను. ఆ అంబేద్కరే కులము జాతిభేదము వలన గాని దేహవర్ణము వలన గాని పుట్టినదను వాదమును ఖండించెను. కావున పోలిక చర్మములో లేదు; గౌరవమును పంచిపెట్టు పద్ధతిలో కలదు. ఎవరి శ్రమ చేత సమాజము నిలుచునో వారికి పేరు లేకపోవుట, పేరు గలవారి గుణవర్ణనలో ఆ శ్రమ అదృశ్యమగుట రెండు దేశములందును సమానము.

కోనసీమలో తమ సమాజమునకు అన్నమును, పాటను, ఆలోచనను సమకూర్చిన దళిత స్త్రీలను తెలుగు సాహిత్యము ఎట్లు చూచినది, ఎట్లు చూడవలసియున్నది అను విషయము ఈ వ్యాసమున విచారింపబడును. అమరుడు చెప్పిన మూడవ యర్థమగు స్తుతి వారి కిక చాలదనియు, నాలుగవ యర్థమగు అక్షరమునందే వారికి నిజమైన సమ్మానము కలదనియు ఇచట ప్రతిపాద్యము.

2

గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రమును ఆనుకొని, వైనతేయము చేత విభక్తమైన భూభాగము కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట దీని ప్రధాన కేంద్రములు. ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847 - 1852 మధ్య ఆనకట్ట నిర్మితమైన పిదప కాలువలు ఈ లంకలను వరిపొలములుగను కొబ్బరితోటలుగను మార్చినవి. కోనసీమను వర్ణించిన వారందరు నీటిని, పచ్చదనమును, అతిథిమర్యాదను వర్ణించిరి. కాని నీరు తనంత తాను అన్నము కాదు. సార్వాకును దాళ్వాకును మోకాలిలోతు బురదలో నడుము వంచి నారు ఊడ్చిన చేతులు, కలుపు తీసిన చేతులు, కోసి పనలు కట్టిన చేతులు నీటిని అన్నముగా మార్చినవి. ఆ చేతులలో మిక్కుటముగ నుండినవి మాలపల్లెల, మాదిగపల్లెల స్త్రీల చేతులు. కొబ్బరిపీచు పనిలోను వారి శ్రమ కలదు. ఇటీవలి దశాబ్దములలో గల్ఫ్ దేశములకు ఇంటిపనికై వెళ్లి, అచటి నుండి పంపిన సొమ్ముతో ఇండ్లు కట్టించి పిల్లలను చదివించిన స్త్రీలు గోదావరి జిల్లాల పల్లెలలో కొల్లలుగా కలరు.

ఈ సీమ గౌరవించిన స్త్రీ ఎవరని యడిగినచో ఎల్లరును చెప్పు పేరు డొక్కా సీతమ్మ గారిది. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ సాధ్వి లంకల గన్నవరమున వేళ యనక, కుల మనక ఆకలి గొన్నవారికి అన్నము పెట్టెను. ఇంగ్లండు ప్రభువగు ఏడవ ఎడ్వర్డు ఆమె ఛాయాచిత్రమును తెప్పించుకొనెనని ప్రసిద్ధి. గన్నవరమున వైనతేయముపై నిర్మించిన నూతన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టబడినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే పెట్టినది. ఆ గౌరవము సర్వథా యుక్తము. దానిని తగ్గించుట ఈ వ్యాసమున ఉద్దేశము కాదు.

కాని సాహిత్య విమర్శకునకు ఇచట ఒక ప్రశ్న తోచక మానదు. అన్నదాత యను మాటకు మన భాషలో రెండు అర్థములు ఏర్పడినవి. అన్నము పెట్టిన గృహిణి అన్నదాత. అన్నము పండించిన రైతు అన్నదాత. ఊడ్చినది, కోసినది, నూర్చినది మాత్రము కూలి యనబడినది, అన్నదాత యనబడలేదు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంటవిరామము ప్రకటించినపుడు ఆ వార్త దేశమంతట వ్యాపించెను. రైతు దుఃఖము యథార్థము. నారుమడి లేని యేట ఊడ్పు లేదు. ఊడ్పు లేని యేట కూలి స్త్రీ యింట పొయ్యి వెలుగుట కష్టము. పంటవిరామ మను మాటలో ఈ రెండవ విరామము వినబడదు. దానమును కీర్తించు భాష మనకు సమృద్ధిగా కలదు. శ్రమను కీర్తించు భాష అత్యల్పము. సమ్మానము దానమును వెదకుచు పోవును గాని శ్రమను వెదకదు. ఇది వ్యక్తుల దోషము కాదు. మన వర్ణనాసంప్రదాయపు లక్షణము.

3

సాహిత్యము ఈ లోటును తీర్చినదా? ఆధునిక యుగారంభమున అస్పృశ్యతను వస్తువుగా గ్రహించిన రచనలను పరిశీలింతము. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి "మాలపల్లి" 1922లో వెలువడినది. పల్లెజీవితమును నవలాప్రపంచమునకు తెచ్చిన ఘనత దానిది. అందలి మహాలక్ష్మి, జ్యోతి వంటి స్త్రీపాత్రలు ఉదాత్తములు. కాని ప్రధానముగ కరుణరసమునకు ఆలంబనములు. వారి సుగుణము మనకు కన్నీరు తెప్పించును. వారి యోచన ఎట్టిదో తెలియదు.

1941లో వెలువడిన జాషువ గారి "గబ్బిలము" ఈ విషయమున మరింత విచారణీయము. అందు అరుంధతీసుతుడు కాశీనాథునకు తన మొరను పంపుకొనును. మోసికొనిపోవునది గబ్బిలము. ఆ గబ్బిలమును కవి స్త్రీగా సంభావించి సంబోధించినాడు. సందేశము పురుషునిది, దానిని మోయు రెక్కలు స్త్రీవి. ఆ కావ్యపు కరుణాప్రవాహమునకు లొంగని సహృదయుడు లేడు. అయినను ఆ ఆడుగబ్బిలమునకు తనదైన మొర యొకటి యుండునా అను ప్రశ్న ఆ కావ్యము వెలువడి అరువదేండ్లు దాటిన పిదప గాని మన విమర్శకు తోచలేదు. కావ్యదోషముగ నేను దీనిని చెప్పుటలేదు. గొప్ప కావ్యము తనకు తెలియకయే తన కాలపు హద్దును చూపునని మాత్రమే నా మనవి.

కోనసీమకు వచ్చినచో మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్న గారు అగ్రగణ్యులు. పాలేరు చదువుకొని ఉన్నతోద్యోగము నందుకొను వృత్తాంతముగ వారు రచించిన "పాలేరు" నాటకము పల్లెలలో అక్షరకాంక్షను రగిల్చినది. 1973లో ప్రకటితమైన "గుడిసెలు కాలిపోతున్నాయి" కావ్యమునకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. భీమన్న గారి ప్రధాన విషయము వ్యక్తి ఉద్ధరణము. పాలేరు అధికారి కాగలడు. పాలేరు తల్లి ఏమి కాగలదు అనునది మాత్రము నాటక పరిధికి వెలుపల మిగిలిన ప్రశ్న. దానికి సమాధానము వారి యింటనే జన్మించినదని ముందు చూడనున్నాము.

ఇక జానపద సాహిత్యము. గోదావరి మండలమున నేదునూరి గంగాధరము గారు జీవితమంతయు వెచ్చించి పాటలను సేకరించి "మిన్నేరు", "సెలయేరు" మున్నగు సంపుటములను వెలయించిరి. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయములపై పరిశోధన చేసి ఆ శాఖకు విశ్వవిద్యాలయ గౌరవమును సంపాదించిరి. వారి కృషి లేనిచో ఎన్నియో పాటలు నశించియుండెడివి. కాని మన సంకలన సంప్రదాయమున ఒక లక్షణము గమనింపదగినది. ఊడ్పుపాట ముద్రితమైనది; పాడినామె పేరు సాధారణముగ ముద్రితము కాలేదు. "అజ్ఞాతకర్తృకము" అను శాస్త్రీయమైన మాట క్రింద ఆమె మరుగుపడినది. తాళపత్రమున గద్య లేని కావ్యమునకు కర్తను వెదకుటకై మనము శాసనములను, ప్రతులను, పీఠికలను గాలించుచున్నాము. పల్లెలో అందరికి తెలిసిన గాయని పేరును వ్రాసికొనుటకు ఒక పంక్తి చాలియుండెడిది. ఆమె అజ్ఞాత కాదు, అడుగబడనిది. పాటను కట్టినదియు, పాఠమును మార్చినదియు, నడుమునొప్పిని లయగా మలచినదియు ఒక నిర్దిష్టవ్యక్తి యని గుర్తింపనంత కాలము మనము పాటను గౌరవించితిమే గాని కవయిత్రిని గౌరవింపలేదు.

4

ఇట్లు పరుల వర్ణనకు విషయమై యున్న స్త్రీ తానే వర్ణమును, అనగా అక్షరమును, చేపట్టుట తరువాతి ఘట్టము. ఇందు నలుపు అను మాట చరిత్ర రసవత్తరమైనది. గరిమెళ్ల సత్యనారాయణ గారు తెల్లదొరతనమును నిరాకరించుచు పాడిన కాలమున, రాజమహేంద్రవర వాసియగు కుసుమ ధర్మన్న గారు 1921లో "మాకొద్దీ నల్ల దొరతనము" అని ప్రతిగీతము రచించిరి. అందు నల్లదొర లనగా కులాధికారము చెలాయించు స్వదేశీయులు. నలుపు అచట నింద. ఎనుబది రెండేండ్ల పిదప, 2003లో, గోగు శ్యామల గారు 1921 నుండి 2002 వరకు గల దళిత స్త్రీల రచనలను సంకలనము చేసి దానికి "నల్లపొద్దు" అని పేరిడిరి. ఇచట నలుపు సూర్యునకు విశేషణము. నింద పోయి తేజస్సు వచ్చినది. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల గార్లు మాదిగ, మాదిగ ఉపకులముల స్త్రీల కథలను "నల్లరేగడి సాల్లు" అను పేర వెలువరించిరి. ఇందు నలుపు సారవంతమైన నేల. ఒకే విశేషణము నింద నుండి పొద్దునకు, పొద్దు నుండి నేలకు దిగివచ్చిన తీరు తెలుగు దళితోద్యమపు చరిత్రకే సంగ్రహమని చెప్పవచ్చును.

"నల్లపొద్దు" ఎందులకు అవసరమైనది? 1993లో ఓల్గా గారి సంపాదకత్వమున "నీలిమేఘాలు" స్త్రీవాద కవితాసంకలనముగ వచ్చినది. 1995లో "చిక్కనవుతున్న పాట" దళిత కవితాసంకలనముగ వచ్చినది. రెండును యుగప్రవర్తకములు. స్త్రీ యన్నపుడు కులము మరుగుపడుననియు, దళితుడన్నపుడు స్త్రీ మరుగుపడుననియు చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల ప్రభృతులు వాదించిరి. వంటయింటి బంధనము ఒక స్త్రీకి ప్రధాన దుఃఖము కావచ్చును. పరుల పొలమున దినమంతయు పనిచేసి వచ్చు స్త్రీకి తన వంటయింట నిలుచుటకు తీరిక దొరకకుండుటయే దుఃఖము. ఈ భేదము సిద్ధాంతగ్రంథముల నుండి వచ్చినది కాదు. జీవనవిధానము నుండి వచ్చినది. 1981లో అమెరికాలో షెరీ మొరాగ, గ్లోరియా అంజల్దువా సంకలించిన గ్రంథము శ్వేతస్త్రీల ఉద్యమమును ఇట్టి ప్రశ్ననే యడిగినది. తెలుగు రచయిత్రులు దానిని అనుకరించిరనుట అవిచారము. తాడి నాగమ్మ వంటి దళిత రచయిత్రులు స్వాతంత్ర్యమునకు పూర్వమే కలము పట్టియుండిరని "నల్లపొద్దు" తెలియజేయుచున్నది. ఆ సంకలనపు మహోపకారము నూతనరచనలను చేర్చుటలో కంటె పూర్వికురాండ్రను వెదకి తెచ్చుటలో అధికము.

పూర్వికురాలిని వెదకుట సమ్మానములలో ఉత్తమము. 1960లో మరణించిన నీగ్రో రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ సమాధికి గుర్తు లేకుండెను. 1973లో ఆలిస్ వాకర్ అను రచయిత్రి ఫ్లోరిడా రాష్ట్రమున ఆ శ్మశానవాటికకు పోయి, గడ్డిలో స్థలమును వెదకి, శిల నెత్తించెను. అంతటితో ఊరకుండక ఆమె గ్రంథములను జనులచే చదివించెను. శిల మాత్రమే నిలిచి గ్రంథము మరుగున పడియున్నచో ఆ సమ్మానము సగమే అయ్యెడిది. ఈ భేదమునే కోనసీమకు అన్వయింపవలసియున్నది.

5

కోనసీమ నుండి వచ్చిన దళిత విదుషీమణులలో బోయి విజయభారతి గారు ప్రథమగణ్య. ఆమె 1941లో రాజోలున జన్మించిరి. 2024 సెప్టెంబరులో హైదరాబాదున మరణించిరి. భీమన్న గారి కుమార్తె. కోనసీమలోని కందికుప్పకు చెందిన న్యాయవాది, కవి, హక్కుల ఉద్యమనాయకుడు బొజ్జా తారకము గారి సహధర్మచారిణి. తెలుగున డాక్టరేటు పొంది, తెలుగు అకాడమీలో ఉన్నతోద్యోగము నిర్వహించిరి. అంబేద్కరు, ఫూలేల జీవితచరిత్రలను తెలుగువారికి అందించిరి. ఆమె మరణించినపుడు వెలువడిన నివాళులు పెక్కింటిలో ఆమె ఫలానా కవి కుమార్తె, ఫలానా నాయకుని భార్య అను పరిచయము ముందు వచ్చినది. పై వాక్యములలో నేనును ఆ సంబంధములను చెప్పితిని. చరిత్రకు అవి కావలెను. కాని ఆమెను స్మరించుటకు కారణము ఆ సంబంధములు కావు. "సత్యహరిశ్చంద్రుడు", "దశావతారాలు", "వ్యవస్థను కాపాడిన రాముడు" అను గ్రంథములు కారణము. పురాణములను కులవ్యవస్థతో ముడిపెట్టి వరుసగా పరిశీలించిన విమర్శకురాలు ఆమె. పాలేరు కథ వ్రాసిన తండ్రి వ్యక్తి ఎట్లు పైకి రావలెనో చెప్పెను. కుమార్తె పైకి రానీయని నిచ్చెన ఎట్లు నిర్మితమైనదో పరిశీలించెను.

ఆమె మార్గమును వర్ణించుట కంటె దానిలో నాలుగడుగులు నడచి చూచుట మేలు. హరిశ్చంద్రకథను గ్రహింతము. తెలుగున 15వ శతాబ్దమున గౌరన దానిని ద్విపదగా రచించెను. పిమ్మట నాటకములు పల్లెపల్లెను ఆడబడినవి. కాటిసీను ప్రదర్శనలో జాషువ గారి శ్మశానపద్యములు చేరి ప్రజల నాలుకలపై నిలిచినవి. ఈ కథ సత్యమహిమను బోధించునని మన మందరము చిన్ననాటి నుండి విన్నాము. రాజునకు కలిగిన పరమావమానము ఏది? రాజ్యనాశము కాదు, దారిద్ర్యము కాదు. చండాలునకు దాసుడై కాటికి కాపరి యగుట. చండాలునకు సేవ చేయుట పతనమునకు పరాకాష్ఠ యని శ్రోత ముందే నమ్మియుండనిచో ఈ కథలో కరుణ పుట్టదు. కాటికాపరికి పుట్టుకతో వచ్చిన బ్రతుకు రాజునకు కొన్నాళ్ల పరీక్ష. రాజు దుఃఖమునకు మనము ఏడ్చితిమి. ఆ కాటిలోనే తరతరములు గడపినవాని కొరకు ఏడ్వలేదు. వ్యవస్థారక్షణ మనగా నిదియే. ఆజ్ఞాపించు శాస్త్రము కంటె కన్నీరు తెప్పించు కథ బలమైనది.

ఇంకొక అడుగు ముందుకు పోయినచో మాతంగకన్యలు కనబడుదురు. విశ్వామిత్రుడు హరిశ్చంద్రుని పరీక్షించుటకై సృష్టించి పంపిన ఆ కన్యలు రాజసన్నిధిని ఆడి పాడి మెప్పించి తమ్ము వివాహమాడు మని కోరుదురు. రాజు మెచ్చును గాని కులము కారణముగ తిరస్కరించును. అందుండియే ముని కోపమునకు నెపము దొరకును. కథ రాజు వెంట సాగిపోవును. ఆ కన్యలు మరల రారు. పేరు లేదు, ఊరు లేదు. కళ స్వీకార్యము, కళాకర్త్రి అస్వీకార్య అను నీతి ఆ చిన్న ఘట్టమున సంపూర్ణముగ నున్నది. ఊడ్పుపాటను ముద్రించి గాయని పేరును విడిచిన మన సంకలనములకును ఈ ఘట్టమునకును గల చుట్టరికము స్పష్టము.

ఇచటనే విజయభారతి గారి పద్ధతితో చర్చకు అవకాశము కలదు. పురాణము వ్యవస్థను కాపాడు సాధనమని మాత్రమే గ్రహించినచో, కథలోపలనే ఆ వ్యవస్థను ఎదిరించు స్వరములు వినబడక పోవు ప్రమాదము కలదు. 13వ శతాబ్దమున కన్నడమున రాఘవాంకుడు షట్పదిలో రచించిన "హరిశ్చంద్రకావ్యము"న ఈ కన్యలు మౌనముగ తిరిగిపోరు, రాజుతో వాదింతురు. మా పాటను విన్న చెవికి, మా రూపమును చూచిన కంటికి అంటని మైల స్పర్శకు మాత్రమేల యను తాత్పర్యముగల ప్రశ్నను వారు వేయుదురు. పంచేంద్రియములలో ఒకదానికే అంటుదోషమెట్లు కలుగునను ఈ తర్కమునకు రాజువద్ద సరియైన ఉత్తరము లేదు. అస్పృశ్యతపై ఇంతటి సూక్ష్మమైన ఖండనమును ఒక మధ్యయుగ కవి అంత్యజకన్యల నోట పలికించెను. కావున పురాణకథలు ఒకే స్వరము గలవి కావు. ఏ పాఠము ఏ స్వరమును నిలిపినది, ఏ స్వరమును అణచినదని తులనాత్మకముగ చూడవలెను. విజయభారతి గారు ద్వారమును తెరచిరి. పాఠభేదవిచారము, దక్షిణభాషల తులనము అను గదులలోనికి పరిశోధకులు ప్రవేశింపవలసియున్నది. ఆమెతో ఇట్లు వాదించుట అగౌరవము కాదు. మల్లినాథుని, వేదము వేంకటరాయశాస్త్రి గారిని మనము ఎట్లు వాదించి గౌరవింతుమో ఆమెను అట్లే గౌరవించుట. విద్వాంసులకు చెల్లవలసిన సమ్మానము ఇది. దళిత రచయిత్రిని పొగడి ప్రక్కన పెట్టుట, ఆమె వాదమును ఎదుర్కొనకుండుట, మాతంగకన్యల పాటను మెచ్చి పంపివేయుట వంటిది.

6

ఇచట రెండు ఆక్షేపణలు రావచ్చును. సాహిత్యమున కులప్రసక్తి రసభంగకరమని మొదటిది. ప్రసక్తి క్రొత్తగ వచ్చినది కాదు. కావ్యములలో ఆదినుండియు కలదు. అది ఉన్నదని చెప్పుటయే క్రొత్త. ఉన్నదానిని చెప్పుట వలన భంగపడు రసము మనము తెలియక అనుభవించుచుండినది. తెలిసి అనుభవించు రసము భంగపడదు. దళిత స్త్రీలందరిని ఒకటిగా చెప్పవచ్చునా అనునది రెండవది. ఈ ఆక్షేపణ సమంజసము. మాల స్త్రీ వేరు, మాదిగ స్త్రీ వేరు. డెల్టా కూలి వేరు, తెలంగాణ మెట్టపొలముల కూలి వేరు. "నల్లరేగడి సాల్లు" ప్రత్యేకముగ వెలువడుటయే దీనికి నిదర్శనము. రాజోలు రచయిత్రి మాటను ఎల్లరి మాటగా గ్రహించుట మరియొక విధమగు మరుగుపరచుట యగును.

పేరు పెట్టుట యొక్క బలమును కోనసీమ ఇటీవలనే చూచినది. 2022 ఏప్రిల్ 4న తూర్పుగోదావరి నుండి విడివడి కోనసీమ జిల్లా యేర్పడినది. దానికి అంబేద్కరు పేరు చేర్చు ప్రతిపాదన వచ్చినపుడు, మే 24న, అమలాపురమున అల్లరులు చెలరేగి ప్రజాప్రతినిధుల ఇండ్లు దగ్ధమైనవి. ఆ పేరు తుదకు స్థిరపడి, నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగ చెలామణి యగుచున్నది. ఒక పేరుకొరకు ఇంత జరిగినదనగా పేరు అల్పవిషయము కాదు. గుడిసెలు కాలుటను గూర్చి కావ్యము వ్రాసిన కవి జన్మించిన సీమలో, పేరు కొరకు ఇండ్లు కాలుట చరిత్రలోని విషాదము. అయినను ఫలకముపై నిలిచిన పేరు మొదటి మెట్టు మాత్రమే. అంబేద్కరును చదువువాడు లేనిచో జిల్లా పేరు చిరునామాగ మిగులును.

కావున తెలుగు శాఖలు చేయదగిన పనులు మూడు తోచుచున్నవి. మొదటిది, కోనసీమ పల్లెలలో ఊడ్పుపాటలు, కోతపాటలు ఎరిగిన వృద్ధస్త్రీలు ఇంకను కలరు. యంత్రములు వచ్చి ఊడ్పు తగ్గినకొలది పాటయు తగ్గుచున్నది. వారి పాటలను వారి యనుమతితో వారి పేర్లతో, ఏ పాఠము ఎవరిదో స్పష్టపరచి సేకరింపవలెను. రెండవది, హరిశ్చంద్రకథ పాఠ్యముగ నున్న చోటనెల్ల విజయభారతి గారి విమర్శను, రాఘవాంకుని ఘట్టముతో కూడ, పూర్వపక్ష సిద్ధాంతముల వలె ప్రక్కప్రక్కన ఉంచి బోధింపవలెను. విద్యార్థి తానే నిర్ణయించుకొనును. మూడవది, "నల్లపొద్దు" వంటి సంకలనములను దళితసాహిత్య మను ప్రత్యేకపత్రములో బంధింపక కవిత్వచరిత్రలో, కథాచరిత్రలో, విమర్శచరిత్రలో వాటి వాటి స్థానములలో చేర్పవలెను. ఇంటిలోనికి పిలిచి వసారాలో కూర్చుండబెట్టుట మర్యాద కాదు; అతిథిమర్యాదకు పేరొందిన కోనసీమవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కర లేదు.

అన్నము పెట్టిన తల్లికి కోనసీమ కృతజ్ఞతను చూపినది. అన్నమును పండించిన తల్లికి చూపవలసిన కృతజ్ఞత ఇంకను ఋణముగనే యున్నది. ఆ ఋణము తీర్చుటకు పూలదండలు చాలవు. ఆమె పాటకు కర్తృత్వము, ఆమె కుమార్తె వ్రాసిన గ్రంథమునకు పాఠకుడు, ఆ గ్రంథములోని వాదమునకు ప్రతివాదము కావలెను. తొలి వర్ణము ఆమెను వెలుపల నుంచినది; తుది వర్ణమును ఆమె స్వయముగ సంపాదించుకొన్నది. దానిని చదువుట మన వంతు.